ఫెస్ పాతబస్తీకి పిల్లలతో: తరచుగా అడిగే ప్రశ్నలు

మొరాకోలోని ఫెస్‌కి మేం రెండుసార్లు వెళ్ళాం. మొదటిసారి చిన్నోడికి ఏడాదిన్నర. రెండోసారి వాడికి ఆరు, వాళ్ళక్కకి పది. మొదటి ప్రయాణం తప్పుల తడక, రెండోది ఫరవాలేదు. అప్పటి నుంచి స్నేహితులు, చుట్టాలు, చుట్టాల స్నేహితులు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలే ఇవి. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పలేక ఒకచోట రాసి పెట్టాను.

అందరూ మరకెష్ వెళ్తుంటే మీరు ఫెస్ ఎందుకు వెళ్ళారు?

ఒకే ఒక్క కారణం, మోటారు బళ్ళు. మరకెష్ పాతబస్తీ సందుల్లోకి స్కూటర్లు, మోటార్‌సైకిళ్ళు దూరిపోతుంటాయి. పిల్లల చెయ్యి వదలాలంటే గుండె దడ. ఫెస్ పాతబస్తీలో చాలా సందులు రెండు చేతులు చాపితే అటు గోడా ఇటు గోడా తగిలేంత ఇరుకు. కొన్నిచోట్ల మెట్లు కూడా ఉంటాయి. కార్లు అసలు రాలేవు. సామాన్లు మోసేది గాడిదలు, కంచర గాడిదలు, తోపుడు బళ్ళు. వాటితోనూ జాగ్రత్తగా ఉండాలి కానీ ఆ టెన్షన్ వేరు, స్కూటర్ టెన్షన్ వేరు.

ఇంకో సంగతి. ఫెస్‌లో పని వీధిలోనే జరుగుతుంది. రాగి గిన్నె కొట్టేవాడు, చెక్క చెక్కేవాడు, నూలు పేనేవాడు, రొట్టె కాల్చేవాడు అందరూ కళ్ళెదుటే ఉంటారు. కట్టడాలు చూపిస్తే పిల్లలు పది నిమిషాల్లో విసుక్కుంటారు. చేతులు చూపిస్తే గంటసేపు కదలరు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే కింద రాసినదంతా చదవకపోయినా నష్టం లేదు.

మదీనా అంటే ఏమిటి? పిల్లలకి చరిత్ర ఎలా చెప్పాలి?

మా అమ్మాయి మొదట అడిగింది కూడా ఇదే. హైదరాబాద్‌లో చార్మినార్‌కి వెళ్ళేటప్పుడు వచ్చే మదీనా సెంటరే దానికి తెలుసు. అరబ్బీలో మదీనా అంటే నగరం. మొరాకోలో ఆ మాటని గోడ లోపలి పాత ఊరికి వాడతారు. మన పాతబస్తీ అన్నమాట. ఈ బస్తీ పేరు ఫెస్ అల్ బాలి, అంటే పాత ఫెస్. దాని పక్కనే ఫెస్ జ్దీద్, అంటే కొత్త ఫెస్. ఆ 'కొత్త' ఊరు కట్టడం మొదలుపెట్టింది 1276లో. చార్మినార్ 1591 నాటిదని తెలిసిన పిల్లలకి ఈ లెక్క చెప్పి చూడండి, నవ్వు ఆపుకోలేరు.

మిగతాది కథలా చెప్పొచ్చు. 789లో ఇద్రీస్ అనే రాజు ఏటికి ఒక ఒడ్డున ఊరు మొదలుపెట్టాడు. కొన్నేళ్ళకి కొడుకు, రెండో ఇద్రీస్, అవతలి ఒడ్డున ఇంకో ఊరు కట్టాడు. స్పెయిన్‌లోని కార్డోబా నుంచి తరిమివేతకు గురైన కుటుంబాలు ఒక ఒడ్డుకి చేరాయి. ట్యునీసియాలోని కైరవాన్ నుంచి వచ్చినవాళ్ళు రెండో ఒడ్డున స్థిరపడ్డారు. ఒకే ఏటికి అటూ ఇటూ రెండు ఊళ్ళు, రెండు గోడలు, రెండు పెద్ద మసీదులు. 11వ శతాబ్దంలో గానీ రెండూ ఒకటి కాలేదు. కైరవాన్ నుంచి వచ్చిన కుటుంబంలోని ఫాతిమా అల్ ఫిహ్రి అనే ఆవిడ 859లో కట్టించిందని చెప్పుకునేదే ఖరవియ్యీన్ మసీదు, అక్కడి చదువుల కేంద్రం. ఒక అమ్మాయి కట్టించిందన్న మాట వినగానే మా పెద్దది నోట్‌బుక్ తీసింది. బస్తీ మొత్తాన్ని 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఆ సంగతి మాత్రం పిల్లలెవరికీ పట్టదు.

ఏ వయసు పిల్లలతో వెళ్తే బాగుంటుంది?

ఆరేళ్ళు దాటితే హాయి. నడుస్తారు, అడుగుతారు, గుర్తుపెట్టుకుంటారు. రెండు నుంచి నాలుగేళ్ళ మధ్య కష్టం: ఎత్తుకోనివ్వరు, నడవరు. చంటిబిడ్డలతో అయితే అనుకున్నంత కష్టం కాదు, ఎందుకంటే ఊరు ఊరంతా ఎత్తుకుంటుంది. దుకాణదార్లు, ముసలమ్మలు, పెళ్ళికి వెళ్తున్న ఆడపిల్లలు కూడా ఆగి బుగ్గలు గిల్లి ముద్దు పెట్టేస్తారు. మీకు అది ఇష్టం లేకపోతే బిడ్డని గుండెకి కట్టుకుని తిరగండి, కొంత తగ్గుతుంది.

స్ట్రాలర్ తీసుకెళ్ళొచ్చా?

వద్దు. మేం తీసుకెళ్ళాం. మూడు రోజులూ నేను దాన్ని మోశాను, మా ఆయన పిల్లాణ్ణి మోశారు.

రోజుకి ఎంతసేపు తిరగొచ్చు? ఎన్ని రోజులు ఉండాలి?

పొద్దున మూడు గంటలు చాలు. ఇండియా నుంచి వెళ్ళేవాళ్ళకి ఒక సుఖం ఉంది. అక్కడి గడియారం దాదాపు ఏడాదంతా మన కంటే నాలుగున్నర గంటలు వెనక. పిల్లలు చీకటితోనే లేచి కూర్చుంటారు. తిట్టుకోకుండా ఆ వేళని వాడుకోండి. తొమ్మిదికి సందుల్లో ఉంటే రద్దీ ఉండదు, ఎండ ఉండదు, అప్పుడే తలుపులు తెరుస్తున్న దుకాణాలు, పిండి పళ్ళేలతో నడిచే మనుషులు కనిపిస్తారు. పన్నెండుకి బయటపడి తినేసి పడుకోండి. సాయంత్రం జ్నాన్ స్బిల్ తోటకి వెళ్ళండి. 19వ శతాబ్దం నాటి రాజుల తోట అది. నీళ్ళు, వెదురు పొదలు, పరుగెత్తడానికి చోటు అన్నీ ఉన్నాయి. పాతబస్తీలో పిల్లలకి దొరకనిది ఆ చోటే.

మూడు రాత్రులు ఉంటే సరిపోతుంది. మొదటి సాయంత్రం లోపలికి వెళ్ళకండి. టాక్సీలో కోట గోడ బయట ఉన్న మరినీద్ రాజుల సమాధుల గుట్ట ఎక్కండి. కింద ఊరంతా బోర్లించిన గిన్నెల అంగడిలా కనిపిస్తుంది. ప్రొద్దు గుంకే వేళకి ఒక మినార్ నుంచి అజాన్ మొదలై, దాని వెనకే ఇంకొకటి, ఆ తర్వాత పదులకొద్దీ కలిసిపోతాయి. మా వాళ్ళిద్దరూ మొత్తం ప్రయాణంలో నోరు తెరవకుండా కూర్చున్నది అప్పుడొక్కసారే. చీకటి పడకముందే దిగిపోండి, గుట్ట మీద దీపాలు తక్కువ.

కాలం సంగతి: ఏప్రిల్, మే లేదా అక్టోబర్, నవంబర్. జూలై, ఆగస్టుల్లో 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. చలికాలం రాత్రులు మన వాళ్ళకి గట్టిగానే తగులుతాయి. శుక్రవారం మధ్యాహ్నం చాలా దుకాణాలు మూసేస్తారు. రంజాన్ నెలలో పగలు హోటళ్ళు దొరకడం కష్టం, పిల్లల తిండికి ముందే ఏర్పాటు చేసుకోవాలి.

దారి తప్పితే?

తప్పుతారు. ఇక్కడ తొమ్మిది వేలకి పైగా సందులున్నాయని చెప్పుకుంటారు. ఫోన్‌లో మ్యాప్ ఇరుకు సందుల్లో మిమ్మల్ని పక్క సందులో చూపిస్తుంది.

పిల్లలకి నేర్పాల్సింది ఒక్కటే సూత్రం: దిగుతుంటే ఏటి వైపు వెళ్తున్నాం, ఎక్కుతుంటే బూ జ్లూద్ వైపు వెళ్తున్నాం. ఊరు గిన్నెలా ఉంటుంది. పైన పడమట బాబ్ బూ జ్లూద్ అనే పెద్ద ద్వారం ఉంది. అక్కడి నుంచి తలా కెబీరా, తలా స్గీరా అని రెండు ముఖ్య వీధులు కిందికి దిగుతాయి. పెద్ద వాలు, చిన్న వాలు అన్నమాట. కింద ర్సీఫ్ చౌక్ దగ్గరికి టాక్సీ వస్తుంది. అందుకని పొద్దున పైన మొదలుపెట్టి దిగుతూ పోవడం, కింద టాక్సీ పట్టుకోవడం తెలివైన పని. మేం మొదటిసారి ఉల్టా చేశాం.

బూ జ్లూద్ ద్వారం పిల్లలకి మంచి గుర్తు కూడా. బయటి వైపు నీలం, లోపలి వైపు ఆకుపచ్చ. నీలం కనిపిస్తే బయట ఉన్నాం, పచ్చ కనిపిస్తే లోపల ఉన్నాం. చూడ్డానికి ఎంతో పాతదిలా ఉంటుంది కానీ 1913లో కట్టింది.

ప్రతి పిల్లవాడి జేబులో బస చేసే ఇంటి కార్డు, మీ ఫోన్ నంబరు రాసిన కాయితం పెట్టండి. తప్పిపోతే కదలకుండా దగ్గరలో ఉన్న దుకాణంలోకి వెళ్ళి నిలబడమని చెప్పండి.

గాడిదలు పిల్లల్ని గుద్దేస్తాయా?

గాడిద గుద్దదు, దాని మీద మూట గుద్దుతుంది. గ్యాస్ సిలిండర్లు, పచ్చి తోళ్ళు, కూల్‌డ్రింక్ పెట్టెలు, అన్నీ వాటి మీదే. వెనక నుంచి 'బలాక్! బలాక్!' అని కేక వినపడిందంటే తప్పుకో అని అర్థం. గోడకి అతుక్కుపోవాలి. మా పిల్లలకి ఇది ఆటయిపోయింది. హైదరాబాద్ తిరిగొచ్చాక కూడా వంటింట్లోకి 'బలాక్' అంటూ వస్తున్నాడు చిన్నోడు.

పుండ్లు పడ్డ జంతువు కనిపిస్తే పిల్లలు బాధపడతారు. మావాళ్ళు పడ్డారు. 1920ల నుంచి ఇదే ఊళ్ళో గాడిదలకి, కంచర గాడిదలకి ఉచితంగా వైద్యం చేస్తున్న అమెరికన్ ఫొందూక్ అనే ఆసుపత్రి ఉందని చెప్పాం. కాస్త కుదుటపడ్డారు.

తోళ్ళ లందలు (తోళ్ళు నానబెట్టి శుద్ధి చేసే తొట్లు) పిల్లలకి చూపించొచ్చా? వాసన భరించగలరా?

చూపించి తీరాలి. నా మాట వింటే మొత్తం ప్రయాణంలో ఒక్కటే చూడాల్సివస్తే అదే.

షువారా లందలు చూడ్డానికి చుట్టూ ఉన్న తోలు దుకాణాల మేడ ఎక్కాలి. ఎక్కేటప్పుడే గుప్పెడు పుదీనా చేతిలో పెడతారు, ముక్కు దగ్గర పెట్టుకోవడానికి. కింద రాతి తొట్లు వరసలు వరసలుగా ఉంటాయి. తెల్లటి తొట్లలో సున్నం, పావురాల రెట్ట కలిపిన నీళ్ళు. రెట్టలోని అమ్మోనియా తోలుని మెత్తబరుస్తుంది. రంగు తొట్లలో మోకాళ్ళ దాకా, కొన్నిచోట్ల నడుము దాకా దిగి మనుషులు తోళ్ళు తొక్కుతుంటారు. ఆవు, గొర్రె, మేక, ఒంటె, నాలుగు రకాల తోళ్ళూ వస్తాయి. ఆరబెట్టినవి చుట్టూ మిద్దెల మీద పరిచి ఉంటాయి.

మా నాన్నగారి ఊళ్ళో ఊరి చివర లందలు ఉండేవి. సున్నం, తంగేడు చెక్కతో అక్కడ తోళ్ళు శుద్ధి చేసేవాళ్ళు. ఆ పని చేసినవాళ్ళని ఊరికి ఎంత దూరంలో పెట్టారో మా నాన్న మా అమ్మాయికి ముందే చెప్పారు. ఫెస్‌లో లందలు ఊరి మధ్యన ఉన్నాయి, వాటిని చూడ్డానికి దేశదేశాల నుంచి జనం వస్తున్నారు. మా అమ్మాయికి అది పెద్ద ఆలోచనే అయింది. అలాగని అక్కడి పని సుఖమైనదని కాదు. ఎండలో, సున్నంలో ఒళ్ళు హూనమయ్యే పని. అందుకే పిల్లలకి ముందే ఒక మాట గట్టిగా చెప్పి తీసుకెళ్ళాం: పైనుంచి 'ఛీ', 'యాక్' అనకూడదు. కింద ఉన్నది మనుషులు, పైకి చూస్తే మీరు కనిపిస్తారు.

వేసవి మధ్యాహ్నం వెళ్ళకండి, వాసన రెట్టింపు. పొద్దున పది లోపు మంచిది. పిట్టగోడలు కొన్నిచోట్ల పొట్టిగా ఉంటాయి, చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు. మేడ ఎక్కినందుకు దుకాణంలో ఏదైనా కొనమంటారు. కొనకపోతే కొంచెం చిల్లర ఇచ్చి దిగిపోవచ్చు, మొహమాటం అక్కర్లేదు.

ఇంకేం పనులు చూడొచ్చు?

సెఫ్ఫారీన్ చౌక్‌లో రాగి పని. పెళ్ళిళ్ళకి వండే పెద్ద పెద్ద గుండిగలు సుత్తితో కొడుతుంటారు. చిన్న సుత్తి, పెద్ద సుత్తి కలిసి తాళంలా వినిపిస్తుంది. చౌక్ మధ్యలో కూర్చునే చోటుంది, ఒక టీ చెప్పి అరగంట కూర్చోండి.

వీధి పొయ్యిలు వెతకడం మాకు బాగా నచ్చిన ఆట. పాత పేటల్లో ఐదు ఉండాలని చెబుతారు: మసీదు, నీళ్ళ పంపు, స్నానాల ఇల్లు, రొట్టెల పొయ్యి, పిల్లల ఖురాన్ బడి. ఒక్కో పేటలో ఐదూ కనిపెట్టినవాళ్ళకి ఒక నారింజ రసం. పొయ్యి కనిపెట్టాలంటే ముక్కు చాలు. ఇంట్లో కలిపిన పిండిని చెక్క పలక మీద పెట్టి, గుడ్డ కప్పి పొయ్యి దగ్గరికి పంపుతారు. ఎవరి రొట్టె ఎవరిదో పొయ్యి ఆయన ఎలా గుర్తుపడతాడన్నది మా చిన్నోడికి ఇప్పటికీ తీరని సందేహం.

లోపలికి వెళ్ళి చూసే కట్టడాలు ఏవి?

మూడు చాలు. బూ ఇనానియా మదరసా, అత్తారీన్ మదరసా, నెజ్జారీన్ చెక్క పనుల మ్యూజియం. మ్యూజియం ఒకప్పటి వర్తకుల సత్రం. దాని మేడ మీద టీ తాగే చోటు, మంచి టాయిలెట్ ఉన్నాయి. పిల్లలున్నవాళ్ళకి ఇదే పెద్ద వార్త.

బూ ఇనానియా 1350లలో అబూ ఇనాన్ అనే సుల్తాను కట్టించాడు. ఈ సుల్తానుకీ మనకీ ఒక దారం ఉంది. ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ దగ్గర ఖాజీగా పనిచేసిన ఇబన్ బటూటా చివరికి మొరాకో తిరిగొచ్చాక, చూసిందంతా చెప్పి రాయించమన్నది ఈయనే. ఆ రాత ముగిసింది 1355లో. బడిలో తుగ్లక్ పాఠం చదివిన పిల్లలకి 'ఆ కథ రాయించిన రాజు కట్టిన బడి ఇది' అని చెబితే గోడలకి ప్రాణం వస్తుంది.

గోడల మీద పలకల పనిని జెల్లీజ్ అంటారు. దీన్ని చూపించడానికి నా దగ్గరున్న ఒకే చిట్కా ముగ్గు. చుక్కల కాయితం ఒకటి, పెన్సిల్ ఒకటి ఇచ్చి, ఒక నక్షత్రం ఎంచుకుని దానికి ఎన్ని కోణాలున్నాయో లెక్కపెట్టి వెయ్యమనండి. సంక్రాంతికి ముగ్గు వేసిన పిల్లలకి ఇది ఇట్టే పట్టుబడుతుంది. మా అమ్మాయి ఎనిమిది కోణాలది వేసింది, పదహారు కోణాల దగ్గర ఏడ్చింది. ఒక్కో ముక్కనీ సుత్తితో చెక్కి, రంగు వైపు కిందికి ఉండేలా బోర్లా పేర్చి, వెనక నుంచి గచ్చు పోస్తారు. అంటే పేర్చేటప్పుడు ముగ్గు వాళ్ళకి కనిపించదు! ఈ పని చూడాలంటే కోట బయట ఐన్ నుఖ్బీ కుమ్మరుల పేటకి టాక్సీలో వెళ్ళాలి. అక్కడ కుండలు కాల్చే బట్టీల్లో మంటకి ఆలివ్ గింజలు కూడా వాడతారు.

మసీదుల్లోకి పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా?

ముస్లిం కుటుంబాలు వెళ్ళొచ్చు. మిగతావాళ్ళకి మొరాకోలో చాలా మసీదుల్లోకి ప్రవేశం లేదు, ఖరవియ్యీన్ కూడా అంతే. తలుపు దగ్గర నిలబడి అంగణం చూడొచ్చు. మౌలాయ్ ఇద్రీస్ దర్గా వైపు వెళ్ళే సందుల్లో అడ్డంగా చెక్క దూలం ఉంటుంది. అక్కడి నుంచి పవిత్ర స్థలం, గాడిదలు దాటకూడదు. పెద్దవాళ్ళు వంగి వెళ్ళాలి, పిల్లలు దర్జాగా నడిచి వెళ్తారు.

శాకాహారులం. పిల్లలు ఏం తింటారు?

ఆకలితో ఉండరు. ఖొబ్జ్ అనే గుండ్రటి రొట్టె ఎక్కడైనా దొరుకుతుంది. ఎమ్సెమెన్ మన పరోటాకి చుట్టం. బగ్రీర్ ఒకవైపు కన్నాల కన్నాల సెట్ దోశలా ఉంటుంది, తేనె పోసి ఇస్తారు. ప్రొద్దున్నే వేడిగా దొరికే స్ఫెంజ్‌ని చూసి మావాళ్ళు గారెలనుకున్నారు. నడిమి కన్నం, నూనె, ఆకారం అన్నీ అవే. మైదా పిండిది, మిరియం లేనిది. ఒక్క కొరుకు తర్వాత ఇద్దరి మొహాలూ చూడాల్సిందే. పంచదార అద్దిస్తే తిన్నారు.

బిస్సారా అంటే ఎండు బాకలా (ఒక రకం చిక్కుడు) గింజల పప్పు, పైన ఆలివ్ నూనె, జీలకర్ర పొడి. అన్నం లేని పప్పన్నం. జాలూక్ అచ్చంగా కాల్చిన వంకాయ, టమాటా పచ్చడి, కారం ఒక్కటే తక్కువ. కారం మాటకొస్తే అక్కడి వంట ఘాటుగా ఉండదు. చిన్న సీసాలో ఆవకాయ పెట్టుకెళ్ళినందుకు మా ఆయన నన్ను మూడు పూటలా పొగిడారు.

జాగ్రత్త ఎక్కడంటే 'ఏడు కూరగాయల కుస్కుస్', హరీరా సూప్. పేరుకి కూరగాయలే, ఉడికేది చాలాసార్లు మాంసం రసంలో. 'బ్లా ల్‌హమ్' అంటే మాంసం లేకుండా. కోడి మాంసం లెక్కలోకి రాదనుకునేవాళ్ళుంటారు, అందుకని 'బ్లా ద్జాజ్' కూడా కలపండి.

తలా కెబీరా మొదట్లో మాంసం అంగళ్ళున్నాయి. ఒంటె తలకాయ కొక్కేనికి వేలాడుతూ కనిపించొచ్చు. ముందే చెప్పి ఉంచండి, లేదా ఆ కాస్త దూరం తలా స్గీరాలోంచి వెళ్ళండి. నీళ్ళు సీసావే తాగించండి.

గైడ్ కావాలా? వెంటపడతారని విన్నాం.

మొదటి రోజు సగం పూటకి బ్యాడ్జి ఉన్న గైడ్‌ని మీరు దిగిన ఇంటివాళ్ళ ద్వారా మాట్లాడుకోండి. 'పిల్లలున్నారు, దుకాణాలు వద్దు' అని ముందే చెప్పండి. మేం చెప్పలేదు. మొదటిసారి మా గైడ్ మమ్మల్ని ఒక తివాచీల కొట్టులో గంటన్నర కూర్చోబెట్టాడు. ఇరవై తివాచీలు పరిచారు, చిన్నోడు ఇరవై ఒకటో దాని మీద పాలు కక్కాడు. అంతటితో బయటపడ్డాం.

వీధిలో కుర్రాళ్ళు 'ఈ దారి మూసేశారు, నేను చూపిస్తా' అంటారు. సాధారణంగా దారి తెరిచే ఉంటుంది. 'లా, షుక్రన్' (వద్దు, థాంక్స్) అని నవ్వి నడవండి. ఇండియా అని తెలిస్తే 'షారుఖ్ ఖాన్! అమితాబ్!' అని పలకరిస్తారు. ఇది మాత్రం ఎక్కువగా నిజమైన ప్రేమే. ఒక ముసలి దర్జీ మా అమ్మాయికి పాత హిందీ పాట మొత్తం పాడి వినిపించాడు. దానికి ఆ పాట తెలియదు, ఆయనకి దాని అర్థం తెలియదు.

ఎక్కడ దిగాలి?

రియాద్ అనే పాత మండువా ఇళ్ళు బాగుంటాయి, కానీ మెట్లు నిటారు, పైఅంతస్తు వసారాలకి కటకటాలు పొట్టివి. చిన్నపిల్లలుంటే కింది గది అడగండి. ద్వారానికి దగ్గరగా ఉన్నదే తీసుకోండి, సామాన్లు మోసే తోపుడు బండికి ముందే ధర మాట్లాడుకోండి. ఎర్రటి చిన్న టాక్సీలు ముగ్గురినే ఎక్కించుకుంటాయి, నలుగురుంటే రెండు కావాలి.

పిల్లుల్ని ముట్టుకోవచ్చా?

వందల పిల్లులు. వద్దు. మొరాకోలో రేబిస్ ఉంది. చూడొచ్చు, పేర్లు పెట్టొచ్చు, అంతే.

వీసా?

ఇండియన్ పాస్‌పోర్టు ఉంటే కావాలి, పిల్లలకీ విడిగా. అమెరికా, బ్రిటన్ పాస్‌పోర్టులకి 90 రోజుల దాకా అక్కర్లేదు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. దుబాయ్, దోహా లేదా ఇస్తాంబుల్ మీదుగా కాసాబ్లాంకా చేరి, అక్కడి నుంచి రైలు. దాదాపు నాలుగు గంటలు.

పిల్లలకి ఏం కొనివ్వాలి?

పసుపు రంగు తోలు చెప్పులు, బెల్ఘా. లందలు చూశాక కొంటే వాటి విలువ తెలుస్తుంది. కొత్తల్లో వాసన వస్తాయి, నెల రోజులు బాల్కనీలో ఉంచాలి. ఇంకొకటి ఎర్ర టోపీ. ఈ ఊరి పేరు మీదే ఇంగ్లీషులో దాన్ని ఫెజ్ అంటారు. నిజాం కాలంలో హైదరాబాదులో రూమీ టోపీ అని పెట్టుకున్నది ఇదే. మా మామగారి ఇంట్లో వాళ్ళ తాతగారి ఫొటో ఒకటుంది, నెత్తిన ఆ టోపీతో. చిన్నోడు దాన్ని గుర్తుపట్టి 'మన తాత ఫెస్ వెళ్ళాడా?' అని అడిగాడు. వెళ్ళలేదురా, టోపీయే ఇంత దూరం వచ్చింది అన్నాం.

దిర్హాములు మిగిలితే?

బయలుదేరే ముందే విమానాశ్రయంలో మార్చేసుకోండి, దేశం దాటితే మార్చేవాళ్ళు దొరకడం కష్టం. చిల్లర నాణేలు మాత్రం మారవు. మావి ఆవకాయ సీసాలో ఉన్నాయి.